వాన్‌చి చేతిలో అమ్మవారి చెక్కలు

పుదై రేవు,
చాంద్రమానం మూడో నెల, ఇరవై ఎనిమిది.

గుడి కమిటీ పెద్దలు, మా ఇంటి పెద్దలు అయిన పెదనాన్నగారి పాదాలకు,

తమ్ముడి కొడుకు చెంగ్‌యి నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. ఈ చెమ్మగాలికి పెద్దమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడగమంది అమ్మ. ఈసారి ఆల్చిప్పలు కండపట్టి ఉన్నాయి. ఒక బుట్ట పంపిస్తున్నాను, అల్లం వేసి సూప్ కాయించుకోండి. కోపం వస్తే ఉత్తరం మీద చూపించండి, బుట్ట మీద కాదు.

ఇక అసలు సంగతి. మన కడలితల్లి మాజు అమ్మవారి పుట్టినరోజున, ఈ ఏడు ధూపపాత్ర ఎవరిదని అడుగుతూ గుళ్ళో జంట నెలవంక చెక్కలు వేయించినప్పుడు మా వాన్‌చికి వరసగా ఆరుసార్లు సరే అని పడింది. ఊళ్ళో ఇంకెవరికీ మూడు దాటలేదు. అంటే ఈ ఏడాదంతా అమ్మవారి ధూపపాత్ర మా ఇంట్లో ఉండాలి, ఊరేగింపులో నా భార్య దాన్ని పట్టుకుని ముందు నడవాలి. మీరేమో అందరి ముందూ, మాట రాని మనిషి పాత్ర పడితే పక్క ఊళ్ళవాళ్ళు నవ్విపోతారనీ, చెక్కలు మళ్ళీ వేయిద్దామనీ అన్నారు. వాన్‌చి మిమ్మల్ని తాబేలు గుడ్డు అంది. ఇప్పుడు ఆ బాధ్యత వదులుకుంటున్నట్టు ఉత్తరం రాయమంటున్నారు, తిట్టినందుకు క్షమాపణ కూడా చెప్పమంటున్నారు.

ముందు ఆ తిట్టు సంగతి. తలలో రక్తం గడ్డకట్టి పడిపోయేనాటికి వాన్‌చికి ముప్పై ఒకటి. చేపల వేలంలో తన గొంతు లేస్తే రేవు చివరి పడవదాకా వినబడేది, మీరూ విన్నారు. ఇప్పుడు గొంతు ఉంది, మాటలు వచ్చే దారి తెగింది. గిన్నె అనబోతే చెప్పు అని వస్తుంది. నన్ను పిలవబోతే కుక్క పేరు వస్తుంది. తిట్లు మాత్రం ఒక్కటీ పోలేదు. అవి తలలో వేరే అరలో ఉంటాయని డాక్టరమ్మ చెప్పింది. నా పేరు తన నోట సరిగ్గా ఎప్పుడు వస్తుందా అని ఏడాదిన్నరగా కాచుకుని కూర్చున్నాను. మీకు మాత్రం తడబడకుండా ఒక మాట దక్కింది. నాకైతే మీ మీద అసూయగా ఉంది.

మాట పోతే బుద్ధి పోయినట్టే అనుకుంటారు జనం. తనకి అన్నీ తెలుసు పెదనాన్నా, అదే నరకం. మొదట్లో అవుననబోతే కాదని వచ్చేది. ఇంకొంచెం సూప్ పోయనా అంటే వద్దనేది, గిన్నె తీసేస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఒకరోజు పొద్దున్నే మా పూజబల్ల మీది చెక్కలు ఎడమచేత్తో లాక్కుని గిన్నె పక్కన పెట్టింది: ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. సరే, పొయ్యమని! రెండూ బోర్లా పడితే వద్దని, రెండూ వెల్లకిలా పడితే అమ్మవారు నవ్వుతోందని నాకు చిన్నప్పుడు నేర్పింది మీరే కదా. అమ్మ లబోదిబోమంది, అమ్మవారి మాటని సూప్ కోసం వాడతావుటే అని. వాన్‌చి నింపాదిగా రెండు చెక్కల్నీ వెల్లకిలా తిప్పింది. అమ్మ కోపం ఎటుపోయిందో, పడీపడీ నవ్వింది. ఇప్పుడు అమ్మే అంటోంది, వందలేళ్ళుగా ఆ తల్లీ నోరు విప్పలేదు, ఆవిణ్ణి గుళ్ళోంచి దిగిపొమ్మని ఎవడన్నా అన్నాడా అని.

ఆరుసార్లు సరే అన్నది నేను కాదు, వాన్‌చీ కాదు. మీకు అభ్యంతరముంటే ఆ తల్లితోనే తేల్చుకోండి. ప్రార్థన పత్రం నేను తన పక్కన నిలబడి చదువుతాను. పాత్ర మాత్రం వాన్‌చి ఎడమచేతిలోనే ఉంటుంది, కుడిచెయ్యి చేతనైనంత సాయం పడుతుంది. పక్క ఊళ్ళవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి, వాళ్ళకి చాలినన్ని తిట్లు తన దగ్గర ఇంకా ఉన్నాయి. ముందుగదిలో బల్ల కడిగి పెట్టాం. ఎల్లుండి పొద్దున పాత్ర కోసం వస్తున్నాం, గుడి తలుపు తీయించి ఉంచండి.

మీ దగ్గర పెరిగినవాడు,
చెంగ్‌యి

తా.క.: నిజం చెప్పేస్తాను. మొదట నేను రాసింది మీరడిగిన ఉత్తరమే. మీతో గొడవంటే నాకు భయం. ఊరేగింపులో తను తడబడితే చూడలేనని ఇంకా భయం. రాసింది వాన్‌చికి చదివి వినిపించాను. రెండు చెక్కలూ బోర్లా పెట్టింది. కాస్త మార్చి రాశాను. మళ్ళీ బోర్లా. అక్కణ్ణుంచి ఒక్కో మాటా తనని అడిగే రాశాను, నేను మెత్తబడ్డ చోటల్లా కొట్టేయించింది. ఈ ఉత్తరం మొత్తం విన్నాక సరే అని పెట్టింది, గుళ్ళో ఏదైనా ఖాయం చేసుకోడానికి అడిగినట్టే మూడుసార్లు. మీకు క్షమాపణ చెబుతూ కూడా ఒక వాక్యం రాశాను పెదనాన్నా. అది చదివితే, రెండు చెక్కలూ వెల్లకిలా పెట్టింది.