ఆమెకు పెట్టని జమ్మి

సెప్టెంబర్ 8, సోమవారం

మళ్లీ అదే పేరు. ఈసారి కిటికీ పక్క బెడ్ తాత నోట. "వణుకుడు సిస్టరమ్మా, జర నీళ్లియ్యి బిడ్డా" అన్నాడు. పాపం, అదే నా పేరనుకున్నాడు. ముసలాయన తప్పేముంది. వార్డంతా పకపకా నవ్వింది. ఇన్‌చార్జ్ సుగుణక్క అందరికంటే గట్టిగా.

చేరిన కొత్తలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సూది గుచ్చబోతే చెయ్యి వణికింది. దానికి ఆమె పెట్టిన పేరు ఇది. స్వరూప అని మా బాపు పెట్టిన పేరు ఈ దవాఖానలో ఎవరూ పలకరు. నాకు నా పేరు కావాలి. ఆమె ఏడవడం కూడా కావాలి.

సెప్టెంబర్ 11

కనిపెట్టాను. ఇద్దరమే ఉంటే సుగుణక్క ఏమీ అనదు. మామూలుగా మాట్లాడుతుంది, ఒకనాడు అరటిపండు కూడా ఇచ్చింది. పేషెంట్ల వాళ్లు నలుగురు చేరితే చాలు... "దానికి నరం దొరుకది, జర పక్కకు జరుగుమను." అంటే నా పని మీద కోపం కాదు. ఆమెకు చూసేవాళ్లు కావాలి, నవ్వేవాళ్లు కావాలి.

లావణ్య కూడా నవ్వుతుంది. నాతో పాటే చేరిన పిల్ల. తర్వాత చేతులు కడుక్కునే చోట పక్కకొచ్చి "ఏమనుకోకే, నవ్వకపోతే రేపు నా మీద పడ్తది" అంటుంది. ఏమనుకోకూడదట!

సెప్టెంబర్ 17

సుగుణక్కకు జ్వరం రావాలి. పెద్దదేం వద్దు, సెలైన్ ఎక్కించేంత. ఆ పూట డ్యూటీ నాదే కావాలి. నిమ్మళంగా నరం వెతుకుతాను... ఈ చెయ్యి, ఆ చెయ్యి, మళ్లీ ఈ చెయ్యి.

ఛీ, ఏం రాస్తున్నాను. కొట్టెయ్యను మాత్రం.

సెప్టెంబర్ 22

అన్నం సహించడం లేదు.

సెప్టెంబర్ 30, సద్దుల బతుకమ్మ

ఈ పండుగకు సెలవు కావాలని సుగుణక్కను ఎప్పుడో అడిగాను. సరే అంది. నిన్న అందరి ముందు మాట మార్చింది — "వణుకుడు ఉంటది తియ్, దానికేం మొగడా, పిల్లలా?"

అమ్మ ఫోన్. "తంగేడు పువ్వు తెచ్చిపెట్టిన బిడ్డా, ఏ యాళ్లకొస్తవ్?" ఏం చెప్పాలి. సాయంత్రం వార్డు కిటికీలోంచి చూశాను, సుగుణక్క పట్టుచీర కట్టుకుని, బతుకమ్మ ఎత్తుకుని దవాఖాన ముందు నుంచే పోయింది. నా ఉసురు తగలకపోదు. తగలకపోతే నేనే తగులుతాను.

అక్టోబర్ 2, దసరా

మా ఊరు గూడూరుకు వచ్చాను. పాలపిట్ట కనిపించింది. జమ్మి ఆకు కొంగున ముడేసుకున్నాను, రేపు దవాఖానలో బంగారమని చేతుల్లో పెట్టడానికి.

"జమ్మి చేతిల ఉన్నంక పగ ఉండొద్దు బిడ్డా. కోర్టుకెక్కిన పాలోళ్లు, అన్నదమ్ములు గూడ ఇయ్యాల అలాయ్ బలాయ్ అని కావలించుకుంటరు" — అమ్మ. తెలుసమ్మా. అందుకే.

అక్టోబర్ 3

చేశాను!

ఆయా కొమురమ్మకు మొదట. జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే "బంగారం లెక్క బతుకు బిడ్డా" అంది. వాచ్‌మన్ అన్నకు, ల్యాబ్ అన్నకు, లావణ్యకు. సుగుణక్క కుర్చీలో సర్దుకుని కూర్చుని చెయ్యి చాపింది. పెద్దది కదా, చిన్నవాళ్లమే పోయి పెట్టాలి. ఆ చెయ్యి ముందు నుంచే నడిచి, వెనకాల నిలబడ్డ స్వీపర్ మల్లక్కకు పెట్టాను.

వార్డంతా ఆ చాపిన చేతి వైపే చూసింది. జమ్మి పెట్టకుండా దాటిపోవడమంటే ఏమిటో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. నీకూ నాకూ ఏమీ లేదని పదిమందిలో చెప్పడం. నలుగురు కావాలన్నావు కదా అక్కా, ఇదిగో నలుగురు!

నా వెనకే లావణ్య తన జమ్మి పట్టుకుని వచ్చింది. భయంతో మొహం పాలిపోయింది దానికి. అయినా అదీ దాటింది.

చాపిన చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకుందో చూడలేదు. చూడాల్సింది. కడుపు నిండింది నాకు.

అక్టోబర్ 4

దవాఖాన పెద్ద డాక్టరమ్మ పిలిచింది. "ఏంది స్వరూపా ఇది, పండుగ పూట?" చెప్పాను, అన్నీ. ఆ పాడు పేరు, సెలవు, నరం దొరకదనే మాట. లావణ్యనూ పిలిచింది. "నిజమే మేడం. మేం గూడ నవ్వినం" అని ఏడ్చేసింది అది.

"నేను మాట్లాడత" అంది డాక్టరమ్మ చివరికి. మాట్లాడితే సరిపోతుందా? నాకు సరిపోదు. సుగుణక్క ఆ కుర్చీ దిగాలి.

అక్టోబర్ 5, ఆదివారం

సుగుణక్క మా ఇంట్లో ఉంది.

ఆదివారమని నేను రాత్రే ఊరికొచ్చాను. ఆమె దవాఖాన ఉన్న మానుకోటలో బస్సెక్కి ఇంత దూరం వచ్చింది, చేతిలో జమ్మి పట్టుకుని. ఎక్కడైనా పెద్దవాళ్లు చిన్నవాళ్ల ఇంటికొచ్చి జమ్మి పెడతారా! అమ్మకు నేనేమీ చెప్పలేదు, ఆమెకేం తెలుసు. పెద్ద సిస్టర్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందని పొంగిపోయింది. జమ్మి అందుకుంది, కాళ్లు మొక్కించుకుంది, చల్లగుండమని దీవించింది కూడా. నా శత్రువును! ఇప్పుడు ఛాయ్ పోస్తోంది. నేను లోపలి గదిలో తలుపు దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను.

"ఇంటికొచ్చిన మనిషిని గట్ల కూసోబెడ్తరానే? బయటికి రా" — అమ్మ.

ఒక్కసారి తొంగి చూశాను. తెల్లకోటు లేకుండా మామూలు నూలు చీరలో... చిన్నగా ఉంది మనిషి. నాకోసం తెచ్చిన ఆకులు ఇంకా గుప్పిట్లోనే ఉన్నాయి. జాలిపడను. పడితే నన్ను చెప్పుతో కొట్టాలి.

ఒక్కటే తెలియాలి నాకు. అడిగేశాను, ఇక్కడి నుంచే, గట్టిగా.

"డాక్టరమ్మ తోలితే వచ్చినవా అక్కా, నీయంతల నువ్వే వచ్చినవా?"

"గదేం మాటనే!" అని అమ్మ కసిరింది.

సుగుణక్క గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. లేచిన చప్పుడు మాత్రం లేదు.

నేనూ లేవడం లేదు.