రెండు వేల ఫైళ్లకు నా పేరు

మార్చి 2

ముప్పై ఏళ్లయింది. నా భార్య ఫోటో ఒకటి నేను తీశాను. నా జన్మలో తీసింది అదొక్కటే. ప్రింటు వెనక మాత్రం మా బావమరిది పేరు ముద్ర పడింది. స్టూడియో వాడిది, ముద్ర వాడిది. స్టూడియో ముందు అద్దాల్లో పెట్టాడు. చూసిన ప్రతివాడూ ఎంత బాగా తీశావయ్యా అన్నాడు. వాడు కాదనలేదు. ఆ రోజు నుంచి వాడితో మాట మానేశాను. పని మానలేదు. ఫిల్ము కడగడం, ప్రింటు వేయడం నా పని. డార్క్‌రూములో మాటలతో పనేముంది. ఫిల్ము కాలం పోయి స్టూడియో మూతపడేదాకా అలాగే నడిచింది. ఏమైనా ఉంటే మా ఆవిడ మోసేది, అటు మాట ఇటు, ఇటు మాట అటు. ఆవిడ పోయి నాలుగేళ్లు.

ఇవాళ బావమరిది కూతురు వచ్చింది. ల్యాప్‌టాప్ తెచ్చింది. స్టూడియోలో మిగిలిన నెగిటివ్‌లన్నీ స్కాన్ చేసిందట. ఎవరి ఫోటోలు వాళ్లకు పంపాలట. ఎవరెవరో పేర్లు పెట్టి ఇవ్వండి మావయ్యా, నాన్నకు గుర్తులేదు అంది. నాది నాలుగో తరగతి చదువు అన్నాను. కీబోర్డు మీద తెలుగు అక్షరాలు అంటించి తెచ్చానంది. ఒప్పుకున్నాను. ఎందుకో దానికి చెప్పలేదు. ఆ ఒక్క ఫోటో మీద నా పేరు రాయాలి. అందుకు.

మార్చి 3

2,146 ఫైళ్లు. అన్నిటికీ స్కాన్ అనే పేరు, పక్కన నెంబరు. ముందు ఒక నెగిటివ్ కవరు బొమ్మ, దాని వెనకాలే అందులోని ఫోటోలు, మళ్లీ ఇంకో కవరు.

మొహాలు గుర్తుపట్టలేకపోతున్నాను. నేను ఎక్కువగా చూసింది నెగిటివ్‌లో. తెల్ల జుట్టు, నల్ల పళ్లు. ఇలా తిన్నగా కనిపిస్తే అందరూ కొత్తవాళ్లలా ఉన్నారు.

మార్చి 5, ఉదయం ఆరు

ఒక్కోదానికి పేరు కొడుతుంటే రోజుకు నలభై అవుతున్నాయి. ఈ లెక్కన ముందు నేను పోతాను. అమ్మాయికి ఫోన్ చేసి అదే చెప్పాను. నవ్వింది. కొత్తగా ఏమీ వేయించుకోనక్కర్లేదట, మిషన్లోనే ఉందట. ఒక ఇంటివాళ్ల ఫోటోలన్నీ ఎంచుకుని, ఎఫ్ టూ నొక్కి, పేరు ఒక్కసారి కొట్టి ఎంటర్. నెంబర్లు బ్రాకెట్లో అవే పడతాయట.

పోస్టుమాస్టరు కూతురి పెళ్లి, అరవై రెండు ఫోటోలు. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది. నేను ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో నెంబరు రాసేవాణ్ణి. ముచ్చటేసింది. ఒళ్లూ మండింది.

సాయంత్రం

కవర్లన్నీ కంట్రోల్ పట్టుకుని ఎంచాను. మూడు గంటలు పట్టింది. ఒకే దెబ్బకు కవరు అని పెట్టేశాను. తెరిచి చూడలేదు. నెంబరు తప్ప కవరు మీద ఏముంటుంది.

మార్చి 9

ఎవరూ రాలేదు. బడి పంతులు రిటైరైన రోజు ఫోటోలకు పేరు పెట్టాను. అందులో నవ్వినవాడు పంతులొక్కడే.

మార్చి 14

ఆవిడ కనిపించింది.

ఫోటోలో గుమ్మం దగ్గర నిలబడి తడి చేతులు విదిలిస్తోంది. మీకు కెమెరా పట్టుకోవడం కూడా రాదు, నా తల కోసేస్తారు అని అప్పుడు నవ్వుతూనే ఉంది. నిజంగానే నడినెత్తి కొంచెం కోశాను.

ఎఫ్ టూ నొక్కి నా పేరు కొట్టాను. చాలలేదు. ఇన్ని ఫోటోలూ కడిగిన చెయ్యి ఎవరిది? కంట్రోల్ పట్టుకుని ఏ నొక్కాను. అన్నీ నీలమయ్యాయి. ఎఫ్ టూ. నా పేరు. ఎంటర్. మిషన్ ఆపేశాను. చాలా రోజులకు ఆకలేసి భోంచేశాను.

మార్చి 15

తెరిచాను. పైనుంచి కిందదాకా నా పేరే. పోస్టుమాస్టరూ నేనే, పెళ్లికూతురూ నేనే. ఇన్ని వేలసార్లు ఉంది పేరు. పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరు లేరు.

ఇన్నాళ్ల పనీ గంగలో కలిసింది. అమ్మాయికి చెప్పడానికి మొహం చెల్లలేదు.

మార్చి 17

చెప్పాను. తిట్టలేదు. వెంటనే కంట్రోల్ జడ్ నొక్కితే వెనక్కి వచ్చేవట. మిషన్ ఆపాక కుదరదట. కానీ పేరు మారినా స్కాన్ చేసిన తేదీ, గంట మారవట. తేదీ వరసన పెట్టించింది, పాతది పైన. అన్నీ ఎంచి, ఎఫ్ టూ, స్కాన్. బుద్ధిగా వరసలోకి వచ్చి నిలబడ్డాయి.

నేను పెట్టిన పేర్లన్నీ పోయాయి. మళ్లీ మొదటి నుంచి.

మీరు వేళకు తింటున్నారా అని నాన్న అడిగారంది. ఫోన్ పెట్టేశాను.

మార్చి 26, మధ్యాహ్నం మూడు

ఈసారి తొందరపడటం లేదు. ప్రతి కవరూ తెరిచి, నెంబరు సరిచూసుకుని, అప్పుడే ఫోటోలకు వెళ్తున్నాను.

కవరు 611. ఆవిడ ఫోటో కవరు. నల్ల పెన్సిలుతో నెంబరు. కింద ఎర్ర సిరా. బావమరిది చేతి రాత. కూడబలుక్కుని చదివాను. రెండోసారి చదివాను.

అక్కయ్య. ఫోటో తీసింది బావ.

కింద తేదీ కూడా వేశాడు. నేను ఫోటో తీసిన రోజే.

డార్క్‌రూములో ఉండేది ఎర్ర లైటు. దాని కింద ఎర్ర సిరా కనపడదు. కాగితం తెల్లగా ఉన్నట్టే ఉంటుంది. కవర్లు చిన్న కిటికీలోంచి లోపలికి వచ్చేవి, పని కాగానే అదే కిటికీలోంచి వాడి బల్ల మీదికి వెళ్లేవి. ఈ కవరు ఎన్నిసార్లు పట్టుకుని ఉంటాను. వెలుగులో ఒక్కసారీ చూడలేదు.

ఇది రాసేసరికి దీపం పెట్టే వేళయింది. లేవబుద్ధి కాలేదు.

మార్చి 28

అమ్మాయిని రమ్మన్నాను. చూపించాను. మీ నాన్నను అడిగి రా అన్నాను.

"మీరే అడగండి మావయ్యా. అత్తయ్య ఇన్నేళ్లు మోసింది. నేను మోయను."

కోపం రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు.

మార్చి 29

చీటీ రాసి నేనే వెళ్లి వాడి తలుపు కింద తోశాను. నకలు ఇది.

ఒరే. ఎర్ర సిరాతో రాసింది నాకు కనపడకూడదనా, చేతికి ఆ పెన్నే దొరికిందనా? ఏప్రిల్ 6, ఆదివారం లోగా నాకు జవాబు కావాలి. ఆ ఫోటోకి అప్పటిదాకా పేరు పెట్టను. తిరిగి చీటీ రాయకు. వచ్చి నోటితో చెప్పు.