పొద్దున్న చేరే బండికే రా అన్నయ్యా

బిలాస్‌పూర్,
ఆదివారం.

పూజ్యుడైన అన్నయ్యకు చెల్లెలు పార్వతి నమస్కరించి రాయునది.

వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ పాప, మా ఆయన, అత్తగారు క్షేమం. నేనూ బాగున్నాననే రాయాలి కదా, రాస్తున్నాను. కానీ ఈసారి మిగతాది కూడా ఓపిగ్గా చదువు.

అమావాస్య వెళ్ళాక వచ్చి నన్ను తీసుకుపోతానని నువ్వు మా ఆయనకు రాసిన ఉత్తరం నిన్న అందింది. వదిన నాకోసం వీధి గది ఖాళీ చేసి, కొత్త పరుపు కుట్టించిందట. మీ ప్రేమకు దండం పెడతాను. కానీ ఆ పరుపు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

డాక్టర్లు నా నరాల జబ్బుకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు పెట్టిన దగ్గర్నుంచి అందరూ చెప్పింది ఒకటే, కదలకుండా పడుకోమని. ఆ వానాకాలమంతా అలాగే పడుకున్నాను. పడుకున్నకొద్దీ కాళ్ళు ఇంకా కట్టెలయ్యాయి. తర్వాత ఆసుపత్రిలో కసరత్తు నేర్పే మేడమ్ దగ్గరికి పంపారు. జబ్బు పోతుందని ఆవిడ ఒక్కసారీ అనలేదు. ఉన్న బలాన్ని పోనివ్వకుండా కాపాడుకుందాం అంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, గోడవారగా నడవడం, మధ్యమధ్య కూర్చుని అలుపు తీర్చుకోవడం. ఎండెక్కకముందే అయిపోవాలి, మెడ మీద తడి తువ్వాలు ఉండాలి. పిల్లతల్లిని, నడక నేర్చుకుంటున్నానని మొదట్లో నాకే నవ్వొచ్చింది. చలికాలం వచ్చేసరికి నిలబడి పాపకి జడ వేశాను అన్నయ్యా. వెనక కుళాయి నుంచి చిన్న బిందెతో నీళ్ళు తెచ్చుకున్నాను.

నేను పడిపోయిన సంగతి మా ఆయన రాశారు, ఎందుకు పడ్డానో రాయలేదు. ఆ రోజు కసరత్తు చేసి అలిసిపోయానని అత్తగారు జాలిపడ్డారు. బాలింతకు చేసినట్టు ఒళ్ళంతా నూనె పట్టించి, పొగలు కక్కే నీళ్ళు పోశారు. పీట మీంచి లేవబోతే కాళ్ళు లేవలేదు, కళ్ళు మసకబారాయి, అక్కడే కూలబడ్డాను. ఆవిడ కేకలకు చుట్టుపక్కల క్వార్టర్లవాళ్ళంతా పోగయ్యారు. ఫ్యాను కింద పడుకోబెడితే సాయంత్రానికి చూపూ వచ్చింది, కాళ్ళూ వచ్చాయి. ఈ జబ్బుకి వేడి తగిలితే అలా అవుతుందని, చల్లబడితే సర్దుకుంటుందని, కసరత్తు తప్పు కాదని మేడమ్ ఎంతో చెప్పింది. నేను పడడం అందరూ చూశారు. లేచి నడిచినప్పుడు అక్కడ ఎవరూ లేరు.

"నీకేటికమ్మా ఈ కుస్తీలు? ఒళ్ళు అరిగిపోతాది. పడుకో, పిల్లని నాను చూసుకుంటాను" అని అత్తగారు నా కాన్వాసు బూట్లు అటకెక్కించారు. ఆవిడ మీద కోపం తెచ్చుకోలేను, నా అన్నం కూడా ఆవిడే కలిపి పెడుతున్నారు. మా ఆయన రైల్వే షెడ్డు డ్యూటీ నుంచి వచ్చాక బతిమాలాను. "అచ్ఛా, మీ అన్నయ్యని రానీ. ఆయన ఎలాగంటే అలాగే" అన్నారు. ఇక నువ్వే దిక్కు.

ఇప్పుడు అత్తగారు బజారుకి వెళ్ళినప్పుడు సొంత ఇంట్లో దొంగలా గోడ పట్టుకుని నడుస్తున్నాను. బడి ఉందని ఇక్కడే ఉండిపోయే పాప, మళ్ళీ ఎప్పుడొస్తావని నిన్నటి నుంచి అడుగుతోంది. ఆ పరుపు మీద పడుకుంటే మళ్ళీ లేవను, నాకు తెలుస్తోంది. సెలవులకి వచ్చి మంచంలో ఉన్న అమ్మని చూసి వెళ్ళడమే దానికి మిగులుతుంది. నాకు చాలా భయంగా ఉంది అన్నయ్యా. జబ్బు పేరు విన్న రోజు కూడా ఇంత భయపడలేదు.

నిన్ను రావద్దనను. పొద్దున్న చేరే బండికే రా. నేను స్టేషనుకి వస్తాను. మా ఆయన చేయి పట్టుకోకుండా నీ రైలు పెట్టె దాకా నడిచి వస్తాను. అది చూసి ఏమన్నా అను. మధ్యాహ్నం బండికి మాత్రం రావద్దు. ఈ ఎండలో ఆ వేళకి నా కాలు నా మాట వినదు. అలా చూశావంటే నువ్వు ఇంకేమీ వినవు, చిన్నప్పటిలా ఎత్తుకుని బండెక్కించేస్తావు.

వీలైతే నా కాలికి సరిపడే బూట్లు ఒక జత తీసుకురా. వదినకి, పెద్దమ్మకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నిలబడగలగాలని నన్ను దీవించు.

నీ చెల్లెలు,
పార్వతి

తిరుగు టిక్కెట్లు అక్కడే తీసేయకు అన్నయ్యా. నన్ను చూశాక తీయి.