గరిమెళ్ళ లలిత చేతి గడియారం

మిషిగన్ రాష్ట్రం నోవైలో కొడుకూ కోడలితో ఒకే ఇంట్లో ఉంటున్న గరిమెళ్ళ లలిత అనే నేను, భీమశంకర్ గారి భార్యను, కార్ల గేర్లు పరీక్షించే ఇంజనీరుగా రిటైరైనదాన్ని, ఒంట్లో ఓపికా బుర్రలో తెలివీ రెండూ ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా రాయించుకున్న వీలునామా ఇది. బీపీ ఉంది, మతిమరుపు లేదు. ఇంతకు ముందు రాసినవేవీ ఇక చెల్లవు. దీన్ని అమలుచేసే బాధ్యత మా అబ్బాయి శశికాంత్‌ది.

1. ఇంట్లో నా వాటా, బ్యాంకులో నా పేర ఉన్నదంతా మా ఆయనకు. ఆయన తదనంతరం శశికాంత్‌కీ కోడలు దేదీప్యకీ సమానంగా.

2. ఇర్వింగ్‌లో ఉన్న నా తమ్ముడు అమర్‌నాథ్‌కు, కంటికి తగిలించుకునే నా భూతద్దం. రిటైరైన ఏడాది నేను గ్రాండ్ సీకో వాచీ కొనుక్కుంటే, వాచీ అంటే స్విట్జర్లాండ్‌దేననీ, జపానువాళ్ళు రేడియోలు చేసుకుంటే చాలనీ బంధువులందరి ముందూ అన్నాడు. నేను మరిచిపోలేదు. ఈ అద్దంలోంచి ఒక్కసారి ఆ ముళ్ళ అంచులు చూడాలి. చూసి ఏమంటాడో వినడానికి నేనుండను కాబట్టి మా ఆయన దగ్గరుండి వినాలి.

3. ఆ గ్రాండ్ సీకో దేదీప్యకు. అది తనకే వస్తుందని శశికాంత్ అనుకుంటున్నాడు కాబట్టి కారణం రాయక తప్పదు.

వాచీ కొన్నాక నేనూ మా ఆయనా జపాను వెళ్ళి, షిజుకుయిషిలో అవి తయారయ్యే చోటు చూశాం. అద్దం అవతల ఒకావిడ వెంట్రుకలాంటి స్ప్రింగును పట్టకారుతో సవరిస్తోంది. ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తోంది. ఆమె తలెత్తేదాకా నేనక్కణ్ణించి కదల్లేదు. ఇంటికి వెళ్ళగానే ఈ పని నేర్చుకోవాలనుకున్నాను. తీరా వచ్చేసరికి, కిచెన్ రీమోడల్ చేయించిన దేదీప్య నా వెట్ గ్రైండర్‌ని డొనేషన్‌కి ఇచ్చేసింది. నేను మాట్లాడ్డం మానేశాను, తనూ మానేసింది. నానమ్మని భోజనానికి రమ్మను, అమ్మని కారు తీయమను అంటూ మా మనవరాలు కృతి ద్వారానే కబుర్లు నడిచాయి. శీతాకాలమంతా అంతే.

ఒక ఆదివారం బయట మంచు కురుస్తుంటే, సాధన కోసం కొన్న పాత సీకోని డైనింగ్ టేబుల్ మీద విప్పాను. చిన్న స్ప్రింగొకటి చటుక్కున ఎగిరిపోయింది. మా ఆయన, శశికాంత్, కృతి కార్పెట్ మీద బోర్లా పడి వెతికారు. దొరకలేదు. శశికాంత్ వాక్యూమ్ తెస్తానంటే నాకు ఏడుపొచ్చింది. దేదీప్య డెంటిస్టు. పైకెళ్ళి, పళ్ళు చూసేటప్పుడు వాడే లైటున్న కళ్ళజోడు పెట్టుకొచ్చి, నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“అత్తయ్యా, కదలకండి. మీ కుచ్చిళ్ళలో ఉంది,” అంది.

తీసి, దాని చోట తనే అమర్చింది. ఆ చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. వాచీ నడిచింది.

“గ్రైండర్ పాడైపోయిందనుకున్నా అత్తయ్యా. అడగాల్సింది. సారీ,” అంది.

నేను లేచి ఇద్దరికీ కాఫీ కలిపాను. అప్పట్నుంచి శనివారాలు మేమిద్దరం కలిసి పాత వాచీలు విప్పుతున్నాం. ఊళ్ళో తెలిసినవాళ్ళ వాచీలు కూడా ఇప్పుడు మా టేబుల్ మీదికే వస్తున్నాయి.

4. ఆ పాత సీకో శశికాంత్‌కు. అది రోజూ కాస్త ముందుకు పోతుంది. ప్రతి పెళ్ళికీ తలంబ్రాలయ్యాక వచ్చేవాడికి అదే మేలు.

5. కృతికి నా ముత్యాల గొలుసు. ఆ శీతాకాలం మా ఇద్దరి మధ్య మాటలు మోస్తూ, మేమనని మంచి మాటలు కూడా కలిపి చెప్పినందుకు.

6. లాయరు గారు ఇదంతా చదివి వినిపిస్తుంటే, నేను పోయాక ఇస్తే దేదీప్య చేతికి ఆ వాచీ ఎలా ఉందో చూసేదెప్పుడనిపించింది. ఇక్కడే, ఈ ఆఫీసులోనే విప్పి, నన్ను కారులో తీసుకొచ్చి పక్కనే కూర్చున్న తన చేతికి పెట్టేశాను. కాస్త వదులైంది. సరిచేసుకోవడం తనకు తెలుసు. అలాగైతే మూడో నిబంధన అక్కర్లేదు, తీసేద్దామన్నారు లాయరు గారు. వాచీ ఇచ్చేశాను గానీ కారణం రాతలో ఉండాలి, ఉంచమన్నాను.

2025 నవంబరు 14, నోవై.

(సంతకం) గరిమెళ్ళ లలిత

ఆమె నవ్వుతూ సంతకం చేయగా ఎదుట ఉండి చూసిన సాక్షులు:
రాధారాణి, పక్కింటివారు
హనుమయ్య, కుటుంబ మిత్రులు