ఆల్టో వరుస

లైప్‌జిగ్,
మార్చి 9

చర్చి గాయకబృందాన్ని నడిపించే రైషెల్ గారికి,

వరుసగా మూడు రిహార్సల్స్‌కు రానివాళ్ళు గుడ్‌ఫ్రైడే నాడు స్వరకర్త బాఖ్ సంగీతం పాడకూడదన్నది మన నియమం. మూడింటికీ నేను జలుబని కబురు పెట్టాను. అది అబద్ధం. జనవరిలో నా భర్త యోర్గ్ ఇల్లు వదిలి వెళ్ళాడు. ఆయన మగవాళ్ళ మంద్రస్వరం పాడే బాసు వరుసలో సరిగ్గా నా వెనకే నిలబడతాడని మీకు తెలుసు.

ఇంట్లోనే సాధన చేస్తున్నాను. నిన్న మెట్ల మీద పైవాటా ముసలాయన క్రెచ్‌మర్ నన్ను ఆపారు.

"ఏమ్మా, రోజూ గొంతు సవరించుకుంటావు, పాటెప్పుడు మొదలుపెడతావు?"

"ఇదే పాటండీ. నాలుగు గొంతుల్లో నాది ఒకటి, ఆడవాళ్ళ కింది స్వరం, ఆల్టో."

"మరి మిగతా మూడూ ఎవరు మింగేశారు?"

నవ్వాను. తలుపు వేసుకున్నాక నవ్వు రాలేదు.

ప్రయాణం నుంచి తిరిగొచ్చాక, భార్యను అప్పటికే పూడ్చిపెట్టేశారని విన్న మనిషి బాఖ్. గొంతులన్నీ ఒకదానికొకటి ఆనుకునేలా ఎందుకు రాశాడో ఇప్పుడు తెలుస్తోందనుకుంటాను. లేక నా ఒంటరితనానికి ఆయన్ని సాక్షిగా తెచ్చుకుంటున్నానేమో.

నియమం సడలించమని అడగను. గుడ్‌ఫ్రైడే నాడు జనంలోనే కూర్చుంటాను. మంగళవారాలు మాత్రం రిహార్సల్‌లో పాడనివ్వండి. నా కోసం యోర్గ్‌ను వేరే చోటికి మార్చకండి. వెనక ఆ బాసు గొంతు వినబడితేనే నా గొంతు నిలుస్తుంది.

ఇట్లు,
ఆల్టో వరుసలో ఎడమవైపు రెండో మనిషి