మూలలు తెగిన కార్డులు

జూన్ 11, బుధవారం

శారద పొద్దున బాపట్ల నుంచి వచ్చి మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయింది. ట్యాబ్ ఒకటి పెట్టి వెళ్ళింది. పుట్టినరోజు కానుకట. నా పుట్టినరోజు అయి రెండు నెలలైంది. అల్లుడికి ఏదో ఆఫర్లో వచ్చి ఉంటుంది.

"దీన్ని బీరువాలో పెట్టి తాళం వేశావంటే ఊరుకోను నాన్నా. అన్నీ వాడుకోవాలి." అన్నీ అంటే ఏమిటో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. ఆ కాగితమే నాకు కనపడదు. చూపు మధ్యలో మచ్చ. రెండేళ్ళయింది. ఈ డైరీ కూడా చేతి అలవాటు మీద రాయడమే.

జూన్ 12

ఛార్జింగు పెట్టాను. నిండింది. తీసేశాను.

జూన్ 15, ఆదివారం

రెండు వేళ్ళు గాజు మీద ఆనించి ఎడంగా జరపాలి — అంతే. అక్షరం చింతగింజంత. ఇంకా జరిపితే నిమ్మకాయంత. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెట్టుకుంటే మచ్చ పక్కనుంచి లైను లైనంతా కనపడుతోంది.

శారద ఇందులో ఎక్కించిన పుస్తకం నలభై పేజీలు చదివాను. రెండేళ్ళ తర్వాత. భోజనం చల్లారిపోయింది. శారద ఫోను చేస్తే "పర్లేదు, పనిచేస్తోంది" అన్నాను. కళ్ళు తుడుచుకున్న సంగతి దానికెందుకు.

జూన్ 18

మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది. ముప్పై మూడేళ్ళు క్లాసులో చెప్పాను — ఇంత శ్రద్ధగా రాసుకున్నవాడు ఒక్కడు లేడు.

జూన్ 20, శుక్రవారం

పనిమనిషి చేత అటక మీది రేకుపెట్టె దింపించాను. కార్డులు. ప నుంచి హ దాకా. అ నుంచి న దాకా రేపల్లెలో రత్నం దగ్గర ఉన్నాయి — ఉంటే.

వరిచేల మాటలు. దుక్కి నుంచి కల్లం దాకా. పదకొండేళ్ళు ఇద్దరం సైకిళ్ళ మీద తిరిగి పోగుచేశాం. నేను బాపట్ల కాలేజీలో తెలుగు లెక్చరర్ని, అతను రేపల్లెలో మిషన్ బడి టీచరు. శనివారాలు, సెలవులు. ఆదివారం అతనికి చర్చి. కార్డుకు ఒక మాట. మధ్యలో అర్థం, వాడుక. కుడివైపు పై మూలన ఆ మాట చెప్పిన మనిషి పేరు, ఊరు. ఆ మూల ఏర్పాటు రత్నానిది.

నిఘంటువు అచ్చు కాలేదు. ఎవరి వల్ల కాలేదో ముందుమాటలో రాస్తాను. నా సగమైనా నేను వేసుకుంటాను. ఈ పలక ఉండగా ప్రెస్సువాడి దయ, విశ్వవిద్యాలయం దయ ఏమీ అక్కర్లేదు.

జూన్ 22

కార్డులు ఫోటో తీస్తున్నాను. దీనికి ఒక పద్ధతి ఉంది. కెమెరా కింద కార్డు పెడితే చుట్టూ నీలం గీత తనే గీసుకుంటుంది. నాలుగు మూలలూ దొరికితే టక్కున తీస్తుంది. నా కార్డులకు మూడే దొరుకుతున్నాయి. గీత నాలుగోదాని కోసం వణుకుతూ తిరుగుతుంది... ప్రతిసారీ వేలితో లాగి నేనే చెప్పాల్సి వస్తోంది, ఇక్కడితో ఆగు అని.

మూలలు నేనే కత్తిరించాను. పెట్టెలో పట్టక.

జూన్ 24, మంగళవారం

శారద వీడియో కాల్. ఫోటోలు దానికీ కనపడతాయట. నాకు తెలియదు.

"నాన్నా, అన్ని కార్డులకూ ఒక మూల లేదేంటి?"

"ఎలుకలు."

"ఎలుకలు స్కేలు పెట్టి కొరికాయా?"

తల్లి పోలిక. జవాబు చెప్పలేని ప్రశ్నలే అడుగుతుంది.

జూన్ 26

ముందుమాట మొదలు. మైకులో చెప్పాను. ఆచార్యుల వారి సంగతి — పేరు ఇక్కడ రాయను, రాస్తే ఈ పేజీ వల్ల కూడా ఆయన్ని ఎవరో తలుచుకుంటారు. మా కార్డులు నాలుగు చూసి నవ్వినవాడు. "కూలీల పేర్లేంటయ్యా నిఘంటువులో? ఓటర్ల జాబితానా? అవి తీసెయ్యి. నీ పేరు పెట్టు. వేయిస్తాను." తర్వాత మా ప్రిన్సిపాలు, సెలవు అడిగితే ఇవ్వనివాడు. తర్వాత రత్నం — మొండివాడు, లోకజ్ఞానం లేనివాడు, పట్టిన పట్టు విడవక ఒక గొప్ప పనిని చెడగొట్టినవాడు.

ఏడు పేజీలు. వేడివేడిగా ఉంది.

జూన్ 27, శుక్రవారం

ఇందులో చదివి వినిపించే గొంతు ఉంది. ఆడగొంతు. ముందుమాట చదవమన్నాను. కోపం లేకుండా, కులాసాగా, బస్టాండులో బస్సుల పేర్లు చదివినట్టు చదివింది. నా తిట్లన్నీ అలా వింటుంటే... ఎవరో ముసలివాడు పంపు దగ్గర తగువాడుతున్నట్టుంది.

ఒక్క వాక్యం దగ్గర ఆపేశాను. "స్థలాభావం వల్ల మూలలు తొలగించడమైనది."

జూన్ 28

పెట్టెలో కార్డులు పట్టేవి. ఇప్పుడూ పడతాయి. పైన బెత్తెడు ఖాళీ.

ఇక్కడైనా రాసుకోవాలి. ఆచార్యుల వారు వేయిస్తానన్న మర్నాడు రేపల్లె వెళ్ళి, పేర్లు తీసేద్దాం అన్నాను. రత్నం ఒకటే మాట: "మాట వాళ్ళదండీ. మనం మోసుకొచ్చాం, అంతే." అయితే పంచుకుందాం అన్నాను. అరుగు మీద కూర్చుని పంచుకున్నాం, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు. ఇంటికొచ్చి కత్తెర తీసుకున్నాను. రెండు మధ్యాహ్నాలు. మూలలన్నీ పొయ్యిలో వేశాను. ఆచార్యుల వారు ఆ ఏడాదే రిటైరయ్యారు. పుస్తకం ఊసే మర్చిపోయారు.

ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ లక్ష్మికి కూడా, ఆవిడ పోయేదాకా. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకు చెప్పనిది ఇదొక్కటే అనుకుంటాను.

జూన్ 30

శారద వాళ్ళ కాలేజీలో ఒకామెది రేపల్లె. ఆమె ద్వారా కనుక్కుందట. రత్నం ఉన్నాడు. చూపు పూర్తిగా పోయింది, నీటికాసులు. గుండె కూడా బాగాలేదు. కూతురు సువర్ణ దగ్గర ఉంటున్నాడు. ఆ అమ్మాయి నర్సు, గురువారాలు ఇంట్లో ఉంటుంది.

చూపు లేదు... అంటే కార్డులు చూడలేడు.

ముందు వచ్చిన ఆలోచన ఇదే. రాసి పెట్టుకుంటున్నాను.

జూలై 3, గురువారం

పొద్దున పాసింజరులో రేపల్లె. ట్యాబ్ మాత్రం సంచిలో. కార్డులు తీసుకెళ్ళలేదు. గాజు మీద వేలు పెడితే కోత తెలియదు.

చిక్కిపోయాడు. తల అదే పనిగా కొంచెం పక్కకు వంచి వింటాడు. నా దగ్గు విని పట్టేశాడు.

"రాఘవయ్య గారా? రండి. అమ్మాయ్, కుర్చీ వెయ్యి. నా సగం కార్డులకి వచ్చారా, నాకే వచ్చారా?"

పుస్తకం మళ్ళీ మొదలెడదాం, ముందు పేర్లు ఒకసారి సరిచూద్దాం అన్నాను. ట్యాబ్ గొప్పలు కాసేపు చెప్పాను — అక్షరం ఎంత కావాలంటే అంత చేసుకోవచ్చని, నిమ్మకాయంత, గుమ్మడికాయంత. అతను తలూపుతూ విన్నాడు.

"బోదె. చేలోకి నీళ్ళు పారే పిల్లకాలవ" అన్నాను.

"కొలకలూరు. నాగయ్య. మొలలోతు నీళ్ళలో నిలబడి చెప్పాడు. ఎప్పుడూ నవ్వేవాడు."

"మడవ. నీళ్ళు వదలడానికి గట్టుకి కొట్టే గండి."

"అదీ కొలకలూరే. నాగయ్య భార్య. మరియమ్మ... కాదు, మార్తమ్మ. మొగుడు తప్పు చెప్తన్నాడని వచ్చి దిద్దింది."

ముప్పై ఏళ్ళ తర్వాత. కళ్ళు మూసుకుని. పది చెప్పేసరికి ఆయాసం వచ్చింది. సువర్ణ నీళ్ళిచ్చింది. తాగి, గ్లాసు పట్టుకునే అడిగాడు —

"కార్డు మూలనే రాసుంది గదండీ. నన్నెందుకు అడుగుతున్నారు?"

"చిన్న అక్షరాలు రత్నం. నాకూ కనపడి చావట్లేదు."

"గుమ్మడికాయంత చేసుకోవచ్చని ఇందాకే అన్నారు?"

సువర్ణ నా మొహం చూసింది. నేను ఫ్యాను చూశాను.

"వచ్చే గురువారం కార్డులు తీసుకురండి" అన్నాడు.

జూలై 6

వెళ్ళకూడదనుకున్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పవచ్చు. ఈ వయసులో అది అబద్ధం కూడా కాదు.

జూలై 10, గురువారం

తీసుకెళ్ళాను. పెట్టె అతని ఒళ్ళో పెట్టాను.

మూత తీసి పై కార్డు పట్టుకున్నాడు. అంచు వెంట వేలు పోనిచ్చాడు. ఒక మూల, రెండో మూల. పై కుడి మూల దగ్గర వేలు జారింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. కింద పెట్టి ఇంకోటి తీశాడు. ఇంకోటి. అలా పాతిక, ముప్పై... వంటింట్లో సువర్ణ గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

"అన్నీనా?"

"అన్నీ."

"కత్తెరా, బ్లేడా?"

"కత్తెర."

"బాగా తిన్నగా కోశారండీ. మీ పని ఎప్పుడూ శుభ్రం."

తిట్టి ఉంటే బాగుండేది. నేను కూడా ఏదో అనేవాణ్ణి.

పెట్టె నా వైపు జరిపి — "ఆ పలక మాటలు కూడా పట్టుకుంటుందన్నారు గదా. పెట్టండి. ఎన్ని రోజులుంటానో. మీరు చదవండి, నేను చెప్తాను."

జూలై 11

రికార్డు చేసింది విన్నాను. ఆపి, వెనక్కి జరిపి, ఒక్కో పేరు గళ్ళలో ఎక్కించుకోవాలి. ఒక గడిలో మాట, పక్క గడిలో పేరు, దాని పక్కన ఊరు. శారద ఫోనులో చెప్తూ నేర్పింది. మధ్యలో "ఎలుకలు బాగున్నాయా?" అంది. దానికి మొత్తం చెప్పేశాను.

తర్వాత "ఛార్జింగు నింపుకుని వెళ్ళు నాన్నా" అంది.

జూలై 13

టేపు వింటుంటే ఒకటి చెవిన పడింది. అతను ప్రతి మాటకూ అండి. రాఘవయ్య గారూ, చెప్పండి, అవునండి. నేను — రత్నం, చెప్పు, ఊఁ. అతను నాకన్నా రెండేళ్ళు పెద్ద. పదకొండేళ్ళు ఒకే క్యారియర్లో తిన్నాం, మా ఊళ్ళో మాత్రం అతను అరుగు దిగువనే కూర్చునేవాడు. నేను పైకి రమ్మనలేదు. ఇన్ని పుస్తకాలు చదివాను... ఇది వినడానికి ఈ యంత్రం కావలసి వచ్చింది.

జూలై 17, గురువారం

"నమస్తే రత్నం గారూ" అన్నాను లోపలికి వెళ్తూ.

"ఎవరమ్మాయ్? రాఘవయ్య గారి గొంతుతో ఎవరో వచ్చారు, చూడు."

సువర్ణ నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు రికార్డులో ఉంది.

పనలు, పొల్లు, మోపు, వామి — దేనికీ తడుముకోలేదు. పొన్నూరు పక్కన ఒకడు మాట చెప్పి చుట్ట అడిగాడని కూడా చెప్పాడు. తర్వాత నేను "పరిగె" అని చదివాను.

ఆగాడు.

"అది నాది కాదండీ. మా అమ్మ చనిపోయిన వారం నేను రాలేదు. ఆ వారం మాటలన్నీ మీరొక్కరే తెచ్చారు. బాపట్ల దగ్గర. మీరే చెప్పాలి పేరు."

"మూల..."

"కత్తిరించకముందు కూడా ఆ మూలన ఏం లేదు. అప్పుడే అడిగాను మిమ్మల్ని. 'ఎవరో ముసలామె' అన్నారు."

కార్డు నా చేతిలో ఉంది, దాని ఫోటో పలక మీద పెద్దక్షరాలతో ఉంది. నా చేతిరాతే. వాడుక అన్నచోట ఆమె మాట మక్కీకి మక్కీ రాశాను: "ఆసామి మోపులెత్తుకున్నాక చేలో మిగిలింది ఎవురిదీ కాదయ్యా, వంగినోళ్ళది."

ఇంత చెప్పిన మనిషిని పేరు అడగలేదు. ఆ వారం కార్డులు ఇరవై ఆరున్నాయి. ఒక్కదానికీ పేరు అడిగినట్టు గుర్తులేదు. ఏమీ లేని మూలలు కూడా కూర్చుని కత్తిరించాను.

"కనుక్కోండి" అన్నాడు రత్నం గారు. "అ నుంచి న దాకా నా సగం ఇచ్చేస్తాను, పేరు తెండి. ఒక్కటైనా."

జూలై 22

సువర్ణ ఫోను. తెల్లవారుజామున ఆయాసం ఎక్కువైందట. గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. మాట్లాడించవద్దన్నారు. "మీరు రావద్దులెండి బాబాయ్ గారూ, ఇక్కడ కూర్చోనివ్వరు."

బాబాయ్ అంది.

జూలై 23

ముందుమాట తీసేశాను. ఏడు పేజీలు. నొక్కితే "నిజంగానా?" అని అడిగింది. నిజంగానే.

జూలై 24, గురువారం

బండి టైముకి చొక్కా వేసుకుని కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్ళలేదు. గళ్ళు నింపాను. పేరున్నవి సగానికి పైగా ఉన్నాయి. మిగతావి ఖాళీ.

జూలై 27, ఆదివారం

బాపట్ల. శారద స్కూటరు మీద చీరాల రోడ్డులో తీసుకెళ్ళింది. పరిగె మాట విన్న ఆ చేను ఇప్పుడు చేను కాదు. సగం ప్లాట్ల రాళ్ళు, సగం రొయ్యల షెడ్డు. కాలవ గట్టు మాత్రం అదే వంపు.

గట్టు మీద టీ కొట్టు. నడిపే ఆమెకు డెబ్బై ఉంటాయి. బల్ల చూపించి, ఏమీ అడగకముందే —

"కూర్చో నాయనా. పేరేంటి? ఏ ఊరు?"

చెప్పాను. నేను ఎవర్నీ ఇలా అడగలేదు అనుకున్నాను. టీ చేతికిచ్చాక సంగతి చెప్పాను. ముప్పై నలభై ఏళ్ళ కిందట, ఈ చేలో పరిగె ఏరుకుంటూ ఒక ముసలామె...

"ఎవురు నాయనా? ఎట్టా ఉండేది?"

తెలియదు. వంగి ఉంది. అప్పుడు నా చూపంతా కార్డు మీదే.

"పరిగెకి మా పాలెం అంతా వచ్చేవోళ్ళం. మా అమ్మ వచ్చేది. మా అత్త వచ్చేది. నేనూ వచ్చేదాన్ని. నీకు ఎవురు కావాల?"

శారద ట్యాబ్‌లో ఆ వాక్యం తెరిచి చదివి వినిపించింది. ఆసామి మోపులెత్తుకున్నాక... ఆమె పొయ్యి దగ్గర ఆగి విన్నది.

"ఆ మాట అందరం అనేవోళ్ళమే" అంది. తర్వాత, కొంచెం ఆలోచించి, "మా అత్తే అయ్యుంటది. అయ్యుండకపోవచ్చు. కోటమ్మ. రాసుకుంటావా?"

రాసుకోలేదు. వద్దనీ అనలేదు.

జూలై 28

కోటమ్మ అని గడిలో కొట్టాను. తీసేశాను. మళ్ళీ కొట్టాను. ఆమె కాకపోతే? ఇంకొకామె మూల రెండోసారి కత్తిరించినట్టే గదా. ఖాళీగా వదిలితే — అదీ నేను చేసిందే.

జూలై 30, బుధవారం

సువర్ణ ఫోను. మాట వచ్చిందట. ఇంటికి తెచ్చేశారు, ఇంక ఆసుపత్రిలో చేసేదేం లేదన్నారట.

"కళ్ళు తెరవగానే మీ గురించే బాబాయ్ గారూ. పరిగె పేరు దొరికిందా అని. రేపు గురువారం గదా, వస్తారు, అప్పుడే చెప్తారులే అన్నాను."

ట్యాబ్ ఛార్జింగులో ఉంది. కార్డు జేబులో ఉంది.

రేపు పొద్దున బండి. ఆయన ఆ కార్డు అందుకుని, వేలు ఆ మూల దాకా పోనిచ్చి, ఎవరండీ అని అడుగుతారు. కోటమ్మ అంటే నమ్ముతారు. నేను ఏది చెప్పినా నమ్ముతారు ఇప్పుడు...