పొట్టేలు కూర తిన్న దినం మూడు మాత్రలు

ఆదివారం, కడప ఆసుపత్రి వరండా

ఈరోజు నా మొగుణ్ణి కొట్టాను. పొద్దున తొడలు పట్టేసి మంచం దిగలేకపోయాడు. మూత్రం డికాక్షన్‌లా నల్లగా వచ్చిందన్నాడు. కొలెస్ట్రాల్ మాత్రల షీటు చూస్తే అప్పుడే ఖాళీ.

"పొట్టేలు కూర తిన్న దినం మూడేసి మింగినా. తిన్న కొవ్వంతా కరిగిపోతాదని," అన్నాడు.

చెంప పగలగొట్టాను. పొయ్యి మీద ఉడుకుతున్న కూర గిన్నెను గోడకేసి కొట్టాను.

డాక్టరు ఆ మాత్ర ఆపించి, రక్తపరీక్ష రాశాడు. "మాత్ర మంచిదేనమ్మా. చెప్పినదానికన్నా ఎక్కువ మింగితే కండలు దెబ్బతిని కిడ్నీల మీదికొస్తాది," అన్నాడు.

చెంప మీద నా వేళ్ళ గుర్తులు చూసి నర్సు అడిగితే, "తలుపు తగిలిందమ్మా," అన్నాడు నా మొగుడు.

కూర చాలన్నప్పుడల్లా "మాత్ర ఉండాది కదా, ఇంకో ముక్క ఏసుకో" అని వడ్డించింది నేనే. ఆ మాట డాక్టరుకు అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు...